అది అడగలేదు

ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే జరిగినదంతా తలచుకున్నప్పుడు నన్ను భయపెట్టేది అదే. ఎవరో ఒకరు తప్పు చేసి ఉంటే వాళ్ళను మందలించేదాన్ని, మళ్ళీ జరగకుండా చూసుకునేదాన్ని, అక్కడితో నా మనసు కుదుటపడేది.

నేను నర్సింగ్ నేర్పుతాను. పుట్టింది మలేషియాలో. మా ముత్తాతలు కొబ్బరితోటల పనికని పేరాక్ వచ్చి అక్కడే ఉండిపోయారు. నేను నర్సు చదువు కోసం సింగపూర్ వచ్చి, వార్డుల్లో ఏళ్ళకేళ్ళు పనిచేసి, మోకాళ్ళు మొరాయించాక పాఠాలు చెప్పే పనిలోకి మారాను. నా తెలుగులో సగం తమిళం, పావు మలయ్ అని బుకిట్ పంజాంగ్‌లో మా బ్లాకులో ఉండే ఆంధ్రా వాళ్ళు నవ్వుతుంటారు. నేనూ నవ్వుతాను. అదీ నిజమే కదా.

ఆ పిల్ల మాకు రెండంతస్తుల కింద ఉండే ఇంటి అమ్మాయి. వాళ్ళది గుంటూరు వైపు. తండ్రి తంజోంగ్ పగార్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్ల విభాగంలో పనిచేస్తాడు. బంధువుల పిల్లలంతా ఇంజినీరింగ్ వైపు పోతుంటే ఈ పిల్ల మాత్రం నర్సింగే చదువుతానని పట్టుబట్టింది. మా విద్యాలయంలోనే సీటు వచ్చిన రోజు తల్లి స్వీటు డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"మీ కళ్ళ ముందే ఉంటది గదక్కా, కాస్త చూస్తా ఉండండి" అంది.

చూస్తానన్నాను. పొద్దున ఎల్‌ఆర్‌టీ రైల్లో కలిస్తే ఆ పిల్ల నన్ను ఆంటీ అనేది. విద్యాలయం గేటు దాటగానే మేడమ్ అనేది. ఎవరూ చెప్పకుండానే ఆ తేడా పాటించింది. అంత బుద్ధిమంతురాలు.

ఆ ఏడాదే మా విద్యాలయం ఒక కృత్రిమ మేధ సాధనాన్ని పిల్లల చేతికిచ్చింది. దాన్ని పిల్లలు ట్యూటర్ అనేవాళ్ళు. పాఠంలో అర్థంకానిది అడగొచ్చు, పరీక్షకు ముందు ప్రశ్నలు వేయించుకోవచ్చు. వార్డుకు వెళ్ళినప్పుడు రోగి పేరు, వివరాలు లేకుండా నాడి, బీపీ లాంటి కొలతలు మాత్రం ఎక్కిస్తే ఏం గమనించాలో, తర్వాత ఏం చేయాలో చెబుతుంది. దాన్ని బాధ్యతగా వాడడానికి నియమాలు రాసిన బృందంలో నేనూ ఉన్నాను. రోగి గుట్టు దానికి చెప్పకూడదు. దాని సాయం తీసుకుంటే తీసుకున్నామని రాయాలి. అది చెప్పినదాన్ని పుస్తకంతో సరిచూసుకోవాలి. ఎన్నో మీటింగుల్లో ఒక్కొక్క మాటా తూచి రాశాం. ఈనాటికీ ఆ నియమాల్లో తీసేయవలసిన మాట ఒక్కటీ నాకు కనబడదు.

పిల్లలు వాటిని తు.చ. తప్పకుండా పాటించారు. వాళ్ళ రాతపనులు చక్కగా వచ్చేవి. చివర ఎక్కడెక్కడ సాయం తీసుకున్నారో నిజాయితీగా రాసేవాళ్ళు. మార్కులు పెరిగాయి. తరగతిలో ఒక్కటే మారింది. చేతులు లేవడం ఆగిపోయింది. ఇదివరకు గుండె గురించి పాఠం చెబితే సగం సేపు ప్రశ్నలకే పోయేది. తలాతోకా లేని ప్రశ్నలు కూడా ఉండేవి, వాటి వల్లే ఎవరికి ఏది అర్థం కాలేదో నాకు తెలిసేది. ఇప్పుడు పాఠం ముగిశాక "డౌట్స్ ఉన్నాయా?" అంటే ముఖాలన్నీ నావైపు ప్రశాంతంగా చూసేవి. మొదట్లో సంతోషించాను. కొన్ని వారాలు గడిచాక ఆ ప్రశాంతత ముందు నిలబడాలంటే నాకు ఎందుకో ఇబ్బందిగా ఉండేది. పిల్లలు పడుకున్నారనుకుని గదిలోకి తొంగిచూస్తే మంచాలు ఖాళీగా ఉన్నట్టు అనిపించేది.

ఒక ఆదివారం ఆ పిల్ల తల్లి గోంగూర పచ్చడి ఇచ్చి పోదామని వచ్చి కూర్చుంది.

"ఇదివరకు చదువుకుంటా కూర్చుంటే ప్రాణం తీసేదక్కా, అదేంటి ఇదేంటి అని. వాళ్ళ నాన్న ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే డౌట్లు. ఇప్పుడు ఒక్కటి కూడా అడగదు. గదిలో కూర్చుని దాంతోనే మాట్లాడుకుంటది. మాకూ హాయిగా ఉంది."

"మీతో మాట్లాడుతోందా?" అన్నాను.

"అడిగితే చెబుతది" అంది.

రెండో ఏడాది వార్డు శిక్షణకు నాకు అప్పగించిన పిల్లల్లో ఆ అమ్మాయి కూడా ఉంది. మేం వెళ్ళింది ఎముకల ఆపరేషన్లు చేసే వార్డు. ఆమెకు ఇచ్చిన రోగి యీషున్ ప్రాంతం నుంచి వచ్చిన ఒక మలయ్ వృద్ధురాలు. వంటింట్లో జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. మేమంతా ఆవిడను మాక్చిక్ అని పిలిచేవాళ్ళం. మలయ్‌లో ఆంటీ అన్నమాట. ఆవిడ మంచం దగ్గరికి ఎవరు వెళ్ళినా మొదటి మాట "సుదా మకాన్?" అనే. తిన్నావా అని. డాక్టరును అడిగేది, నేల తుడవడానికి వచ్చిన వాళ్ళను అడిగేది, నొప్పితో పళ్ళు బిగబట్టుకుని కూడా అడిగేది. తిన్నానంటే నమ్మేది కాదు. ఎముకలు కనబడుతున్నాయి, అబద్ధం చెప్పకు అని దిండు పక్కన దాచిన బిస్కెట్ చేతిలో పెట్టేది. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, ఇక్కడి ఇంగ్లీషు యాసలో, "మేడమ్, షీ ఈజ్ సో క్యూట్ లా, పెద్ద డాక్టర్‌కి కూడా బిస్కెట్ ఇచ్చారు" అని నవ్వింది. ఆ రోజు ఆమె ముఖం చూసి, ఫరవాలేదు, ఈ పిల్ల నర్సు అవుతుంది అనుకున్నాను.

మర్నాడు పొద్దున నేను ఒక్కో మంచం చూసుకుంటూ వచ్చాను. ఆ పిల్ల మంచం పక్కనే నిలబడి ఉంది, చేతిలో ట్యాబ్.

"మాక్చిక్ ఎలా ఉన్నారు?"

"స్టేబుల్, మేడమ్. బీపీ, నాడి, టెంపరేచర్, ఆక్సిజన్ అన్నీ లిమిట్‌లోనే ఉన్నాయి. ట్యూటర్‌లో ఎక్కించాను. అలాగే గమనిస్తూ ఉండమంది. మన నోట్స్‌తో కూడా సరిచూశాను."

అన్నీ నిజాలే. కొలతలు సరిగ్గా తీసింది. నేను మళ్ళీ తీస్తే అవే వచ్చాయి. తర్వాత మాక్చిక్ వైపు చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. కుడిచేతి వేళ్ళు దుప్పటి అంచును పీకుతున్నాయి, అక్కడ ఊడిన దారమేదో ఉన్నట్టు. ఊడిన దారమేమీ లేదు. పొద్దున ఇచ్చిన మైలో పాల కప్పు మీద మీగడ కట్టింది. నేను వంగి "మాక్చిక్, అపా ఖబర్?" అన్నాను. ఎలా ఉన్నారని. ఆవిడ నావైపు నెమ్మదిగా తిరిగి, నా భుజం వెనక ఎవరో ఉన్నట్టు చూసి, మళ్ళీ దుప్పటి పనిలో పడింది.

తిన్నావా అని అడగలేదు.

దుప్పటి తొలగించి పొత్తికడుపు మీద చెయ్యి వేశాను. డప్పులా బిగుసుకుని ఉంది. ముందు రోజే మూత్రపు గొట్టం తీసేశారు. డైపర్ తడిసిందని ఆ పిల్ల సరిగ్గానే రాసింది. కానీ అది నిండిన కుండ అంచు మీంచి కారిన తడి. లోపలిది లోపలే ఉండిపోయింది. వార్డు సిస్టర్‌ను పిలిచాను. ఆమె చెయ్యి వేసి చూసి, వెంటనే డాక్టరుకు ఫోన్ చేసింది. గొట్టం వేస్తే వచ్చిన మూత్రం మబ్బుగా, ముక్కుకు ఘాటుగా ఉంది. మధ్యాహ్నానికి జ్వరం వచ్చింది. అప్పటిదాకా లిమిట్‌లో ఉన్న బీపీ ఒక్కసారిగా దిగిపోయింది. సాయంత్రం మేం బయల్దేరే లోపే ఆవిడను ఇంకా దగ్గరగా కనిపెట్టి చూసే వార్డుకు మార్చారు. మంచాన్ని నెట్టుకుపోతుంటే ఆ పిల్ల గోడకు ఆనుకుని దారిచ్చింది.

వార్డులో మేం ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం. ఆమెను నడవాలోకి తీసుకెళ్ళి నేనే తెలుగులోకి మారాను.

"నిన్న ఎలా ఉన్నారో, ఇవాళ ఎలా ఉన్నారో తేడా కనబడలేదా అమ్మా?"

"కనబడింది" అంది.

కనబడలేదంటుందని అనుకున్నాను. దానికి ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

"వచ్చినప్పుడే చూశాను మేడమ్. మకాన్ అనలేదు. చెయ్యి ఇలా ఇలా అంటున్నారు. వింతగా ఉందే అనుకున్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు? సిస్టర్‌కైనా?"

ఆమె తప్పించుకోవాలని చూడలేదు, నిజంగానే జవాబు వెతుక్కుంది.

"అది అడగలేదు, మేడమ్. ముఖ్యమైనదైతే ట్యూటరే అడుగుతుంది కదా అనుకున్నాను."

ఆ తర్వాత మేమిద్దరం పిల్లలు కూర్చునే గదిలో ట్యాబ్ తెరిచాం. అవే కొలతలు మళ్ళీ ఎక్కించమన్నాను. ఈసారి తను చూసినదంతా రాయమన్నాను. నిన్న మాటలపుట్ట, ఇవాళ మౌనం. దుప్పటి పీకడం. తాగని మైలో. గొట్టం తీసిన సంగతి, డైపర్ తడి. అది వెంటనే జవాబిచ్చింది. వృద్ధుల్లో ఆపరేషన్ తర్వాత ఇలా ఉన్నట్టుండి వచ్చే మార్పు మతి తప్పడానికి సూచన కావచ్చు, మూత్రం ఆగిందేమో, ఇన్ఫెక్షన్ ఉందేమో ఆలస్యం చేయకుండా చూడండి, పైవాళ్ళకు చెప్పండి అంది. నొప్పికి ఇచ్చే ఒక మందు వల్ల కూడా మూత్రం ఆగవచ్చని గుర్తు చేసింది. ఆ చివరిది నాకు ఆ పూట తట్టలేదు.

అంటే దానికి అంతా తెలుసు. చెప్పేవాళ్ళే లేకపోయారు. తెర మీది ఆ అక్షరాలు మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఆ పిల్ల పక్కన కూర్చుని నిశ్శబ్దంగా ఏడ్చింది.

"నేను పొద్దున్నే చెప్పుంటే మాక్చిక్ బాగుండేవాళ్ళా?"

"కొన్ని గంటలు ముందు తెలిసేది. బాగుండేవాళ్ళేమో. తెలియదమ్మా" అన్నాను. అంతకంటే మంచి మాట చెప్పాలని ఉంది కానీ అది నిజం కాదు.

మాక్చిక్ బతికింది. కొన్ని వారాల తర్వాత నడక నేర్పే ఆసుపత్రికి పంపారు. పంపేముందు వెళ్ళి చూశాను. కూతురు పక్కన కూర్చుని గంజి తినిపిస్తోంది. మాక్చిక్ నావైపు మర్యాదగా నవ్వింది, దారి అడగడానికి వచ్చిన కొత్త మనిషి వైపు నవ్వినట్టు. "అమ్మ ఇంట్లో ఇట్లా ఉండేది కాదు సిస్టర్" అంది కూతురు. నాకు తెలుసు అని చెప్పి వచ్చేశాను.

విద్యాలయంలో మీటింగ్ పెట్టారు. ఎవరినీ నిందించడానికి కాదని ముందే చెప్పారు. నిందించడానికి ఎవరూ దొరకలేదు కూడా. నియమాలన్నీ పాటించారు. కొలతలు సరైనవే. ఆ సాధనాన్ని చూసుకునే యువ టీచరు ఒకతను ఉన్నాడు, మంచివాడు, ఈ సంగతి విని నిజంగా బాధపడ్డవాడు. అతను అన్నాడు: "దీన్ని సరిచేయొచ్చు మేడమ్. నిన్నటికీ ఇవాళ్టికీ మార్పు ఉందా అని ఒక ప్రశ్న చేరుద్దాం. ఇకమీద అది అడుగుతుంది."

"రేపు ఇంకొకటి జరుగుతుంది. అప్పుడు?"

"అప్పుడు అదీ చేరుద్దాం."

అందరూ తలలూపారు. ఆ ప్రశ్న చేరింది. ఒక నెల తర్వాత పిల్లలు ఎక్కించినవి తీసి చూశాను. వరసగా, పేజీ తర్వాత పేజీ, మార్పు లేదు, మార్పు లేదు, మార్పు లేదు. ఆ వార్డులో ఆ నెల చనిపోయినవాళ్ళు ఇద్దరు. వాళ్ళ పేజీల్లోనూ ముందు రోజు వరకు మార్పు లేదు అనే ఉంది.

నా బృందం వరకు నాకు నచ్చినట్టు చేసుకోనివ్వమని అడిగాను, ఒప్పుకున్నారు. పొద్దున వార్డుకు రాగానే ట్యాబ్ సంచిలోనే ఉండాలి. ముందు మంచం దగ్గర ఊరికే నిలబడాలి. చూడాలి, వినాలి, చెయ్యి పట్టుకోవాలి. చూసినది నాకు నోటితో చెప్పాలి. తమకేమనిపిస్తోందో చెప్పాలి, తప్పైనా సరే. ఆ తర్వాతే ట్యాబ్ తీసి దాన్ని అడగాలి. అది వేరేగా చెబితే దానితో వాదించాలి. ఎవరు ఎందుకు ఒప్పో నాకు చెప్పాలి.

వినడానికి ఇంతే. కానీ మొదటి రోజు ఆ పిల్ల ఒక తాత మంచం ముందు నిలబడి, "పేషెంట్ పడుకుని ఉన్నారు" అని ఆగిపోయింది.

"ఇంకా?"

"ఏం చూడాలి మేడమ్?"

"ఏదో ఒకటి వెతకమనడం లేదు. ఉన్నది చూడు."

ఆమె చూసింది. ముఖం ఎర్రబడింది. పరీక్షలో తెల్ల కాగితం ముందు కూర్చున్నవాళ్ళ చూపు అది. మిగతా పిల్లలదీ అదే పరిస్థితి. ఇరవై ఏళ్ళ పిల్లలు, కళ్ళద్దాలు కూడా లేని మంచి కళ్ళు. ఒకడైతే ఎదురుగా రోగి దగ్గుతూ ఉంటే, దగ్గు తప్ప మిగతావన్నీ చెప్పాడు. దగ్గు సంగతేంటంటే, "ఓ, అది కూడా చెప్పాలా?" అన్నాడు. ఈ పిల్లలే కొన్నాళ్ళలో రాత్రీ పగలూ వార్డులు నడపాలి. మంచాల్లో ఉండేది మేమే, మా వయసు వాళ్ళమే. ఆ ఆలోచన వచ్చిన రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు రైల్లో చుట్టూ చూశాను. రైలు ఇళ్ళ పక్కనుంచి పోతుంటే, లోపలివాళ్ళు ఇళ్ళల్లోకి చూడకుండా కిటికీ అద్దాలు ఎప్పటిలాగే తమంతట తామే మసకబారాయి. ఫోన్ల మీంచి ఒక్క తల కూడా లేవలేదు.

ఆ పిల్ల మాత్రం వదల్లేదు. రోజూ నిలబడింది. మెల్లమెల్లగా మాటలు వచ్చాయి. ఒక పొద్దున, "మేడమ్, తాతగారి చెప్పులు నిన్న మంచానికి ఇటు పక్క ఉన్నాయి, ఇవాళ అటు ఉన్నాయి. లేవకూడదన్నాం కదా, ఒక్కరే బాత్రూమ్‌కి వెళ్ళొచ్చారు" అంది. అడిగితే తాత దొంగలా నవ్వి ఒప్పుకున్నాడు. ఆమె కళ్ళల్లో ఆ రోజు కనిపించిన వెలుగు చూసి నా మనసు నిండిపోయింది. పరీక్షలు పాసై, ఒక పెద్ద ఆసుపత్రిలో చేరింది.

తర్వాతి బృందానికి నన్ను అలా చేయనివ్వలేదు. పిల్లల సంఖ్య పెరిగింది, వార్డులో దొరికే సమయం తగ్గింది. నా పద్ధతి మంచిదేనని అందరూ ఒప్పుకున్నారు. మంచిదేనని రాసి పెట్టుకున్నారు కూడా.

ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకు ఆ పిల్ల పొద్దున ఎల్‌ఆర్‌టీలో కనబడింది. కళ్ళ కింద నలుపు.

"నేను స్లో అంటున్నారు ఆంటీ. మిగతావాళ్ళు రౌండ్ ముగించి కూర్చుంటే నేను ఇంకా సగంలోనే ఉంటాను. ఎందుకు అక్కడ ఊరికే నిలబడతావు అంటారు. సీనియర్ నవ్వుతూనే చెప్పారు, కానీ రెండుసార్లు చెప్పారు."

"నువ్వేమన్నావు?"

"ఏం చెప్పాలి? చూస్తున్నాను అంటే ఏం చూస్తున్నావు అంటారు." ఆమె నావైపు తిరిగింది. "నిలబడడం మానేయాలా ఆంటీ?"

"మానకు" అన్నాను. ఆ మాట అన్నంత తేలిక కాదని ఇద్దరికీ తెలుసు. నేను ఆ వార్డులో ఉండను. ఆమె రోజూ అక్కడ నెగ్గుకురావాలి. స్టేషన్ రాగానే "బై ఆంటీ" అని దిగిపోయింది.

మళ్ళీ చాలా నెలలు మేం కలవలేదు. షిఫ్టులు కుదరలేదు. ఈమధ్య ఒక సాయంత్రం తల్లీకూతుళ్ళు ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. ఉద్యోగం పర్మనెంట్ అయిందట. తల్లి తనే చేసిన సున్నుండలు తెచ్చింది. ఆ పిల్ల బాగా ఉంది. జుట్టు కత్తిరించుకుంది, ముఖంలో అలసట లేదు.

"వార్డులో దీన్నే మెచ్చుకుంటున్నారంటక్కా" అంది తల్లి.

"అవును ఆంటీ. ఇప్పుడు నేను స్లో కాదు. ఫాస్ట్ అయ్యాను."

నేను ఆమె ముఖంలోకి చూశాను. సంతోషంగానే ఉంది. దాచుకున్నదేమీ లేదు.

"మంచం దగ్గర నిలబడుతున్నావా?" అని అడిగాను.

"టైమ్ ఉన్నప్పుడు, ఆంటీ" అంది.

తల్లి పళ్ళెం నావైపు జరిపింది. నేను ఒక సున్నుండ తీసుకున్నాను.